గుడి కాదు, గడి

పోయిన నెల బోధన్ అవతల ఒక ఊరి చర్చిలో ఒక అవ్వ కోసం ఆదరణ కూడిక పెట్టారు. నేనూ నా భార్య సరితా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాం. పాటలయ్యాక స్త్రీల సమాజం పెద్దామె మైకు తీసుకుని, పోయిన అవ్వ మంచితనం గురించి చాలాసేపు చెప్పింది. ఎవరింట్లో జ్వరం వచ్చినా పిలవకముందే వచ్చి మంచం పక్కన కూర్చునేదని చెప్పి కళ్ళు తుడుచుకుంది. చివర్లో గొంతు తగ్గించింది. "మనిషన్నంక తప్పు జేస్తది. రాజస్థాన్ల ఏదో గుడి ముంగట మన అవ్వ చెప్పులిడిసి నిలవడ్డదట. గది గూడ ప్రభువు మాఫ్ చేసే ఉంటడు" అన్నది. ముందు వరసలో కొందరు తలలూపారు. ఎవరో చిన్నగా నవ్వారు.

ఆ మాట పుట్టింది నా దుకాణంలో. నిజామాబాద్‌లో నాది ఎరువుల దుకాణం. వర్ని, మోస్రా, బోధన్ వైపు రైతులు యూరియా కోసం వచ్చి, లోడు దిగేదాకా బస్తాల మీద కూర్చుంటారు. వాళ్ళకు చాయ్‌తో పాటు ఒక కథ చెప్పడం నాకు అలవాటైంది. కోటను చూసి గుడి అనుకుని చెప్పులు విడిచిన అవ్వ కథ. అందరూ నవ్వేవారు. నవ్వినప్పుడల్లా నేను ఇంకొంచెం కలిపేవాణ్ణి. కథ బస్తాలతో పాటు ఊళ్ళకు పోయింది. పోయి పోయి ఆమె చర్చి దాకా చేరింది.

ఆమె చెప్పులు విడిచిన మాట నిజమే. కానీ గుడి ముందు కాదు, గడి ముందు. దొర ఉండే కోటలాంటి ఇంటిని మా వైపు గడి అంటారు. గకు కొమ్మిస్తే గుడి, ఇవ్వకపోతే గడి. ఆ కొమ్ము నేను తగిలించింది. దాన్ని తీసేయడానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు, ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సు, అమ్మను చూసుకోవడానికి ఈ అవ్వను మా ఇంటికి పంపింది. వచ్చిన మొదటిరోజే అమ్మ మంచం కిటికీ దగ్గరికి జరిపించింది. "పండుకున్న మనిషికి గోడ సూపెడితే ఏం లేస్తది? తొవ్వ సూపెట్టాలె" అన్నది. అమ్మకు మాట పడిపోయింది, 'ఊ' అనడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క ఊతోనే ఇద్దరూ టీవీ సీరియళ్ళ మీద పోట్లాడుకునేవారు. "ఏమంటవ్? దాని అత్త మంచిదంటవా? నీకేం దెల్వదు, ఊకో" అని ఈమె అనేది, అమ్మ ఇంకా గట్టిగా ఊ అనేది. అమ్మను పక్కకు తిప్పేటప్పుడు, వీపు తుడిచేటప్పుడు చర్చి పాట ఏదో గొంతులో సన్నగా తీసేది. అమ్మ చివరి రోజుల్లో ఆ పాట వినబడితేనే అన్నం మింగేది.

చాయ్‌లో చక్కెర తక్కువైతే ఊరుకునేది కాదు. సరిత ఒకసారి షుగరొస్తుంది అవ్వా అంటే, "బోధన్ దాన్ని. చక్కెర ఫ్యాక్టరీ మూతవడ్డది గాని నా నోరు మూతవడలె" అన్నది. నవ్వు మాత్రం వినబడేది కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే భుజాలు మాత్రం ఊగేవి. పక్కగదిలో ఉన్నవాళ్ళకు ఆమె నవ్విందని ఎప్పటికీ తెలిసేది కాదు.

చెప్పుల విషయంలో ఆమెకో పట్టింపు ఉండేది. అందరం మెట్ల కింద ఎట్లా పడితే అట్లా విడిచిపోతాం. ఆమె తన జత దుమ్ము దులిపి, రెండింటినీ ఆనించి, ముక్కులు వీధివైపు తిప్పి పెట్టేది. ఎవరైనా తొక్కితే సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కనిపెట్టేది. కొత్త జత కొనాలంటే దుకాణంలో అట్టను రెండుగా వంచి చూసేది, బొటనవేలితో నొక్కేది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "తోలు కాదు గిది" అని దుకాణపు వాడి ముందే పెట్టేసేది. వాళ్ళ నాయన చెప్పులు కుట్టేవాడని మాకు తెలుసు. అంతకుమించి ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

అమ్మ పోయాక కూడా అప్పుడప్పుడూ వచ్చి పోయేది. ఒక దసరాకు ముందు నేనూ, నా స్నేహితుడు జావీదూ రాజస్థాన్ కోటలు చూసి రావాలని అనుకుంటున్నాం. జావీద్‌ది బోధనే. చెరకు లారీ తోలేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పెద్ద కారొకటి కొని కిరాయికి తిప్పుతున్నాడు. ఫోనులో కోటల బొమ్మలు చూపిస్తుంటే ఆమె సరిత భుజం మీదుగా వంగి చూసింది. జైసల్మేర్ కోట దర్వాజా బొమ్మను పెద్దది చేయమన్నది. గోడలు పడిపోలేదా అని అడిగింది. లేదన్నాం. లోపల మనుషులున్నారా అని అడిగింది. ఇప్పటికీ కాపురాలుంటున్నారవ్వా అన్నాడు జావీద్. "గట్లయితె నన్ను గూడ తీస్కపోండ్రి" అన్నది. అమ్మకు చేసిన సేవకు చీర పెడతామంటే వద్దన్న మనిషి నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. వెంటనే సరే అన్నాం.

నాందేడ్ మీదుగా పోయాం. జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం ఆమే కట్టుకొచ్చింది. మొదట చూసింది చిత్తోడ్‌గఢ్. అక్కడ కారు కొండెక్కి కోట లోపలికే పోతుంది. పాత మహలు దగ్గర దిగాం. జావీద్ కారు పెట్టడానికి పోయాడు, సరిత టికెట్ల వరసలో నిలబడ్డది. నేనూ ఆమే దర్వాజా వైపు నడిచాం. దర్వాజా ఇంకా ఇరవై అడుగులుందనగా ఆమె ఆగింది. వంగి చెప్పులు తీసింది. రెండూ చంకలో పెట్టుకుని, తల దించుకుని నిలబడింది.

అక్కర్లేదవ్వా, తొడుక్కో, రాయి కాలుతుంది అన్నాను. ఆమె ఏదో అన్నది. 'గుడే గదా' అన్నట్టు వినబడింది. నేను పెద్దగా నవ్వి, గుడి కాదవ్వా, కోట, రాజులుండేది అని చెప్పాను. ఆమె నావైపు చూసింది. నేను ఫోను తీసి ఫొటో కొట్టాను. ఆ రోజంతా ఆమె కాలే బండల మీద వట్టి కాళ్ళతోనే తిరిగింది. సరిత ఎంత బతిమాలినా వినలేదు.

నా దుకాణంలో చెప్పిన కథ ఇక్కడితో అయిపోయేది. నవ్వు ఇక్కడే వస్తుంది కాబట్టి ఇక్కడే ఆపేవాణ్ణి. ఫొటో కూడా చూపించేవాణ్ణి. చర్చిలో ఆమె పాట ఎత్తితే మిగతావాళ్ళు అందుకునేవారట. ఈ కథ వెళ్ళాక కొన్నాళ్ళు ఆమె చేత పాట ఎత్తించలేదని, ఆ రోజు కూడికలోనే ఆమె అక్క కూతురు సరితతో చెప్పింది. నాకు చెప్పలేదు.

ఆమె నన్ను ఒక్కసారే అడిగింది. ఒకరోజు దుకాణానికి వచ్చి, బస్తా మీద కూర్చుని, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"కథ మంచిగ జెప్తవట గద కొడుకా."

నేను నవ్వాను.

"సగమే జెప్తవట."

రైతులు ఉన్నారు. ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది. "నువ్వే మొదలువెట్టినవ్. మిగిల్న సగం గూడ నువ్వే జెప్పాలె. నేను జెప్పుకుంటే బాగుండది" అని పోయింది. చెబుదామనే అనుకున్నాను. చెబితే నవ్వు రాదు, బస్తాల మీద కూర్చున్నవాళ్ళు లేచి పోతారు. అట్లా రోజులు గడిచాయి. ఆ మిగిలిన సగం ఇది.

జోధ్‌పూర్ కోట ఊరి నెత్తిమీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె కారు దిగి, మెడ వెనక్కి వంచి ఆ గోడను పైదాకా చూసింది. మీరు పోయి రండి, నేను హోటల్లో కూర్చుంటా అన్నది. ఎంత చెప్పినా కదలలేదు. మేం తిరిగొచ్చేసరికి చాయ్‌లో చక్కెర గురించి హోటలాయనతో తెలుగులో తగువు పడుతోంది. అతను హిందీలో జవాబు చెప్తున్నాడు. ఇద్దరికీ బాగానే అర్థమవుతున్నట్టుంది.

జోధ్‌పూర్ దాటి జైసల్మేర్ పోతుంటే ఇక ఇసకే. నీళ్ళ జాడ లేదు. మా వైపు కాలువల కింద పుట్టి పెరిగిన కళ్ళకు ఆ నేల చూస్తేనే దూపయింది. ఆ ఇసకలో ఇక్కడొకటి అక్కడొకటిగా ఉన్న చెట్లను చూసి సరిత కారు ఆపమని అరిచినంత పనిచేసింది. అన్నీ జమ్మి చెట్లు. ఆ రోజు దసరా. మా ఊళ్ళో ఒక్క జమ్మి కొమ్మ కోసం జనం తోసుకుంటారు. సరిత దిగి ఒడినిండా ఆకు తెంపుకొచ్చింది. నాకిచ్చింది, జావీద్‌కిచ్చింది. "మాకు జమ్మి లేదు బిడ్డా. నువ్విస్తే తీసుకుంట" అని అవ్వ కొంగు పట్టింది. పెద్దవాళ్ళకు జమ్మి పెట్టాక కాళ్ళు మొక్కడం మా అలవాటు. సరిత వంగి ఆమె పాదాలు ముట్టబోయింది.

నిప్పు మీద పడ్డట్టు ఆమె వెనక్కి జరిగింది. "ముట్టకు. చెప్పులతోని ఉన్న" అన్నది. చెప్పులుంటే ఏమైందవ్వా అన్నది సరిత. ఆమె పోయి కారెక్కింది. చాలా దూరం పోయాక, ఎవరూ అడగకుండానే, కిటికీ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

మోస్రా దగ్గరి వాళ్ళ ఊళ్ళో దొర గడి ఉండేది. మనిషికి రెండింతల గోడ, ఇనుప బొడిపెల దర్వాజా. గడి గోడ మొదలయ్యే కాడ ఊళ్ళో వాళ్ళు చెప్పులు తీసి చంకలో పెట్టుకునేవారు, గోడ అయిపోయాకే తొడుక్కునేవారు. వాళ్ళ వాడవాళ్ళకైతే తొడుక్కోవడానికి చెప్పులే ఉండేవి కావు. దొర చెప్పులు కుట్టేది మాత్రం ఆమె నాయన. ఒకసారి కొత్త జత ఇవ్వడానికి పోతూ ఈమెను వెంట తీసుకుపోయాడు. చెప్పులు ఈమె చేతిలో ఉన్నాయి. కొత్త తోలు కిర్రుకిర్రుమంటుందని విన్నది కానీ ఎన్నడూ తొడగలేదు. నాయన వెనక నడుస్తూ, గడి ముందర, కాళ్ళు అందులో దూర్చి నాలుగడుగులు వేసింది.

దర్వాజా దగ్గరి జవాను చూశాడు. దొర బయటికొచ్చాడు. పిల్లను ఏమీ అనలేదు. ఆ జతను నాయన నెత్తి మీద పెట్టించి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దర్వాజా ముందు నిలబెట్టాడు. ఈమె తన నాయన నీడలో కూర్చుంది.

"బాపు నన్నొక్క మాట అనలె" అన్నది ఆమె. "ఇంటికి వోయేటప్పుడు ఒకటే అడిగిండు. బిడ్డా, కాలుకు గరిసిందా, మెత్తగున్నదా అని."

సరిత ఆమె చేయి పట్టుకుంది. జావీద్ కాసేపటికి, మీ ఊరి గడి ఇంకా ఉన్నది గద అవ్వా, దాంట్లకు చెప్పులతో పోయి రావచ్చు గద, ఈ ఎడారి దాక ఎందుకు అని అడిగాడు.

"అది గూలింది. గబ్బిలాలున్నయి. గబ్బిలాలు సూస్తే ఏమొస్తది? నిలవడ్డ గడి గావాలె. మంది సూడాలె."

అప్పుడు నాకు వెలిగింది. చిత్తోడ్‌లో నువ్వు గడి అన్నవా అవ్వా, నేను గుడి అనుకున్న అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి.

"గుడి కాడ చెప్పులు చంకల వెట్టుకుంటరా, పిచ్చోడా? బయట ఇడుస్తరు" అన్నది. "చెప్పులతోనే పోదామని వచ్చిన. కాళ్ళే ఆగినయి, నేనాపలె."

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో చెప్పులు చంకలోనే ఉన్నాయి. అది చూసి కూడా గుడి అని చెప్పగలిగాను, విన్నవాళ్ళు కూడా నమ్మగలిగారు.

జైసల్మేర్‌లో కారు కింద ఆపి నడిచాం. పసుపుకొమ్ము విరిచినట్టున్న రంగు రాయి, పొద్దటి ఎండలో మెరుస్తోంది. దర్వాజా దగ్గరకొచ్చేసరికి ఆమె నడక తగ్గింది. మేమూ తగ్గాం. జావీద్ ఊరికే ఫోను చూస్తున్నట్టు రెండడుగులు ముందుకు పోయాడు. ఆమె చేయి కాలి వైపు దిగింది, వేళ్ళు చెప్పు పట్టీ మీద ఆగాయి.

సరిగ్గా దర్వాజా నడుమ ఒక ఆవు పడుకుని నెమరేస్తోంది. జనం దాన్ని తప్పించుకుని పోతున్నారు. గోడ నీడలో ఒక ముసలాయన కూర్చుని తోలు చెప్పుల మీద రంగుదారంతో పువ్వులు కుడుతున్నాడు. అతని కాళ్ళకు చెప్పులున్నాయి. పై అంతస్తు కిటికీలోంచి ఒకామె కిందున్న కూరగాయల బండివాణ్ణి తిడుతోంది. అవ్వ వంగినది వంగినట్టే ఉండి ఇదంతా చూసింది.

"దొర యేడి?" అని అడిగింది.

"లేడవ్వా. ఆయన మహలు సూడాలంటే టికెటు" అన్నాడు జావీద్.

"దొర ఇల్లు టికెటు వెట్టి సూపెడుతుండ్రా?"

"అవునవ్వా. మన పైసలతోనే సున్నాలేస్తుండ్రు."

ఆమె నడుం నిలబెట్టింది. ఈసారి నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆమె నవ్వు ఎట్లా ఉంటుందో నేను మొదటిసారి విన్నది అప్పుడే. పెద్ద నవ్వు, మగవాళ్ళు నవ్వినట్టు. చెప్పులు కుట్టే ముసలాయన తలెత్తి చూసి తనూ నవ్వాడు. ఆమె ఆవును దాటి, దర్వాజా కింద నుంచి, చెప్పులతో లోపలికి అడుగుపెట్టింది.

ఆ దారి ఎత్తుగా, మెలికలు తిరిగి పైకి పోతుంది. జనం కాళ్ళకు అరిగి బండలు నున్నగా ఉన్నాయి. జారుతాయేమోనని నేను చేయి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె నడుస్తుంటే చెప్పుల చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. మొదట మామూలుగానే నడిచింది. తర్వాత కావాలనే అడుగు గట్టిగా వేయడం మొదలుపెట్టింది. ఇంకో దర్వాజా వచ్చింది, దాటింది. ఇంకొకటి వచ్చింది, దాటింది. మహలు ముందరి చౌక్‌లోకి వచ్చి, నడిమధ్య నిలబడి, చుట్టూ ఉన్న మేడల కిటికీలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఎవరైనా తొంగి చూస్తారా అన్నట్టు చాలాసేపు నిలబడింది. ఫొటో తీద్దామని ఫోను బయటికి తీశాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"ఎవ్వలు ఏమనలె" అన్నది చివరికి. ఎవరితో అన్నదో తెలియదు.

ఆ తర్వాత ఆమెను పట్టడం మా వల్ల కాలేదు. మహలు మెట్లన్నీ ఎక్కింది. పైన గోడ అంచున నిలబడి, కింద ఊరినీ, ఊరవతల ఇసకనూ చూసి, ఇంత ఎండల ఇంత పెద్దది గట్టినోళ్ళ చేతులెన్ని కాయలు గాసినయో అన్నది. దిగి వచ్చి చెప్పులు కుట్టే ఇంకొకతని ముందు గొంతుకూర్చుంది. ఒక జత తీసుకుని కుట్టు మీద గోరు ఆనించి లాగి చూసి, మంచిగున్నదన్నట్టు తలూపింది. అతను ఆమెకు బీడీ ఇవ్వబోయాడు.

తిరుగుతూ తిరుగుతూ కోట లోపలి సన్నసందుల్లో ఉన్న పాత జైన గుళ్ళ దగ్గరికి వచ్చాం. చెప్పులూ తోలు వస్తువులూ బయట పెట్టి లోపలికి పోవాలి. సరిత విడిచింది. నేను విడిచాను. జావీద్ బెల్టు తీసి ప్యాంటు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కదలలేదు. రా అవ్వా, రాతిలో ఎంత సన్నని పని చేశారో చూద్దువు అని పిలిచింది సరిత.

"మీరు పోయి రాండ్రి బిడ్డా. దేవుని మీద నాకేం కోపం లేదు" అన్నది ఆమె. "నేనిప్పుడే తొడుక్కున్న."

ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుని కాళ్ళు సందులోకి చాచింది. పోయేవాళ్ళు వాటిని దాటుకుని పోయారు. మేం బయటికొచ్చి చెప్పుల కోసం వెతుక్కునేలోగా ఆమె లేచి కిందికి నడక మొదలుపెట్టింది. దారి నడుమనే నడుస్తోంది. వెనక నుంచి వచ్చిన స్కూటరతను హారన్ కొట్టాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, పక్కకూ జరగలేదు. అతను ఇంకోసారి కొట్టి, ఊరుకుని, ఇంజను ఆపి, రెండు కాళ్ళూ నేలకు ఆనించుకుంటూ ఆమె వెనకాలే మెల్లగా దర్వాజా దాకా వచ్చాడు.